పర్సులో కోబాల్ట్ ముక్క

2010 ఫిబ్రవరి 26. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పాత సామాను వేలం వేశారు. ఆ సామానులో ఒక బరువైన యంత్రం ఉంది. పేరు గామాసెల్ 220. కెనడాలో తయారైంది. 1968 నుంచి విశ్వవిద్యాలయం సొత్తు. 1985 తర్వాత దాన్ని వాడినవాళ్లు లేరు. పాతికేళ్లు మూలన పడి ఉన్న ఆ యంత్రాన్ని పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము వ్యాపారులు పాడుకున్నారు.

వాళ్ల కంటికి అది సీసం, ఉక్కు. తూకానికి మంచి ధర పలికే సరుకు. లోపల ఉన్నది కోబాల్ట్-60 అని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. కోబాల్ట్-60 రేడియోధార్మికత 5.27 ఏళ్లకోసారి సగానికి తగ్గుతుంది. 1968లో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకుంటే, 2010 నాటికి అది దాదాపు ఎనిమిది సార్లు సగమైంది. అంటే మొదట ఉన్నదాంట్లో 250వ వంతు మాత్రమే మిగిలింది. మనిషి ప్రాణం తీయడానికి ఆ మిగిలింది సరిపోయింది.

మార్చి నెల. మాయాపురి తుక్కు బజారులో ఎప్పటిలాగే సుత్తుల మోత. యంత్రం దుకాణానికి చేరింది. పనివాళ్లు దాన్ని విప్పారు. రక్షణ కోసం చుట్టూ పోసిన సీసం ఒకవైపు, ఉక్కు ఒకవైపు వేరు చేశారు. లోపలి నుంచి మెరిసే లోహం బయటపడింది. చేతులకు తొడుగులు లేవు. చొక్కా మీద రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీ లేదు. ఆ లోహాన్ని ముక్కలు చేశారు. మొత్తం పదకొండు ముక్కలయ్యాయని తర్వాత దర్యాప్తులో తేలింది. ఎనిమిది ఆ దుకాణంలోనే ఉండిపోయాయి. రెండు దగ్గరలోని మరో దుకాణానికి వెళ్లాయి. అన్నిటికన్నా చిన్న ముక్క ఒకటి ఒక మనిషి పర్సులోకి చేరింది.

ఆయన ఆ పర్సును ఎప్పటిలాగే ప్యాంటు వెనక జేబులో పెట్టుకున్నాడు. కూర్చున్నా, లేచినా, బండి నడిపినా ఆ ముక్క ఒంటికి అంటుకునే ఉంది. వేడి లేదు, వాసన లేదు, నొప్పి లేదు. రేడియేషన్ తగిలిన చర్మం అదే రోజు కాలినట్టు కనిపించదు. ముందు కాస్త ఎర్రబడి తగ్గిపోవచ్చు. రెండు మూడు వారాలకు వెంట్రుకలు రాలతాయి. మోతాదు ఎక్కువైతే చర్మం నల్లబడి, పొక్కులొచ్చి, పుండై, లోపలి కండ వరకూ చస్తుంది. ఆ వారాల గడువులో మనిషి తన పని తాను చేసుకుంటూనే ఉంటాడు. కోబాల్టూ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

ఏప్రిల్ మొదటి వారంలో దుకాణం యజమాని ఆసుపత్రిలో చేరాడు. ఒళ్లు నల్లబడింది. జుట్టు ఊడిపోతోంది. ఇది మామూలు చర్మవ్యాధి కాదని అక్కడి వైద్యులకు అనుమానం వచ్చింది. నన్ను అడిగితే ఈ కథలో కథానాయకత్వం ఆ అనుమానానిదే. తుక్కు దుకాణంలో పనిచేసే మనిషి ఒంటి మీది మచ్చ చూసి రేడియేషన్ అని తలవడానికి చదువు ఒక్కటే చాలదు, రోగి ఏం పని చేస్తాడో ఓపికగా అడగాలి. ఏప్రిల్ 7న ఆ సంగతి అణుశక్తి నియంత్రణ మండలికి చేరింది. అదే మనం ఏఈఆర్‌బీ అని పిలిచేది. అధికారులు మీటర్లు పట్టుకుని మాయాపురి వీధుల్లోకి దిగారు. భాభా అణు పరిశోధన కేంద్రం నిపుణులూ, నరోరా అణువిద్యుత్ కేంద్రం సిబ్బందీ తోడయ్యారు. దుకాణాల ముందు తాళ్లు కట్టి జనాన్ని దూరం జరిపారు. ఒక్కో ముక్కనూ వెతికి పట్టుకుని, సీసపు పాత్రల్లో పెట్టి, నరోరాకు తరలించారు. ఏప్రిల్ మధ్యకల్లా పర్సులోని ముక్కతో సహా అన్నీ దొరికాయి.

మొత్తం ఎనిమిది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఏప్రిల్ 26న వాళ్లలో ఒక కార్మికుడు అవయవాలు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేసి కన్నుమూశాడు. వేలం జరిగి ఆ రోజుకు సరిగ్గా రెండు నెలలు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొలమానంలో ఈ ప్రమాదానికి 4వ స్థాయి దక్కింది. ఏడే పైస్థాయి. పర్సు పెట్టుకున్నాయన బతికాడు. పర్సు ఒరుసుకున్న చోట చర్మానికి మాత్రం తీవ్రమైన గాయమైంది.

ఇక్కడి నుంచి అసలు ప్రశ్న మొదలవుతుంది. ఆ మనిషి ఒంటికి ఎంత మోతాదు తగిలింది? ఆ అంకె ఏ పుస్తకంలో ఉంది?

ఎక్కడా లేదు. వాళ్లెవరూ రేడియేషన్ కార్మికులు కారు. కాబట్టి వాళ్ల పేరున రికార్డు లేదు. వైద్యానికి అంకె కావాలి కనుక జరిగిపోయినదాన్ని వెనక్కి తవ్వి లెక్కగట్టాలి. మొదటి సాక్షి రక్తం. రేడియేషన్ తగిలినప్పుడు తెల్లకణాల్లో క్రోమోజోములు తెగి, కొన్ని తప్పుగా అతుక్కుంటాయి. మామూలుగా ఒక్క నడుము ఉండాల్సిన క్రోమోజోముకు రెండు నడుములు వస్తాయి. సూక్ష్మదర్శిని కింద వందల కణాలు చూసి, అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే శరీరం మొత్తానికి తగిలిన మోతాదు సుమారుగా తెలుస్తుంది. మాయాపురి బాధితుల విషయంలోనూ ఈ పరీక్ష చేశారు. అయితే రక్తం ఒళ్లంతా తిరుగుతుంది. తొడ పైన అరచేతి వెడల్పు చర్మం మీద కురిసిన మోతాదు ఎంతో అది చెప్పలేదు. ఆ అంకె కావాలంటే మనిషినే అడగాలి. పర్సు ఏ జేబులో పెట్టుకునేవారు? రోజుకు ఎన్ని గంటలు? రాత్రి పర్సు ఎక్కడ ఉండేది? పర్సు తోలు ఎంత మందం? జ్ఞాపకం మీద ఆధారపడిన జవాబుల నుంచి గంటలు వస్తాయి, గంటల నుంచి మోతాదు వస్తుంది. జ్ఞాపకం ఎంత తప్పితే అంకె అంత తప్పుతుంది.

మాయాపురి మనకు దూరం అనుకునేవాళ్లు 2019 జనవరి గుర్తు చేసుకోవాలి. రాజమహేంద్రవరంలోని ఓఎన్‌జీసీ స్థావరం నుంచి సీజియం-137 ఉన్న డబ్బా ఒకటి మాయమైంది. వెతగ్గా వెతగ్గా అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో దొరికింది. ఎక్కడో చెప్పనక్కర్లేదు, పాత ఇనుము దుకాణంలో. ఆ డబ్బా మరో చేతిలో పడి ఉంటే కలిదిండి పేరు మాయాపురి పక్కన చేరి ఉండేది.

తుక్కు దుకాణంలో రికార్డు లేకపోవడం అర్థం చేసుకోవచ్చు. మరి రికార్డు ఉన్న చోట? బ్యాడ్జీ పెట్టుకున్న మనిషి చర్మం మీద కంటికి కనిపించని రేణువు వాలితే అంకె సరిగ్గా పడుతుందా?

ఈ ప్రశ్న 1980లలో అమెరికా అణువిద్యుత్ కేంద్రాలను కుదిపింది. ఇంధన కడ్డీల తొడుగుకు చిల్లి పడితే ఇంధనపు నలుసులు నీటిలోకి వస్తాయి. కవాటాల్లో గట్టిదనం కోసం వాడే కోబాల్ట్ మిశ్రలోహం అరిగి, ఆ పొడి రియాక్టర్ గర్భంలోకి వెళ్లి కోబాల్ట్-60గా మారి బయటికొస్తుంది. మరమ్మతుల కోసం కేంద్రం ఆపినప్పుడు ఇవి కార్మికుల బట్టల మీదికి, ఒంటి మీదికి చేరేవి. వాటిలో చాలా రేణువులు కంటికి ఆనవు. విద్యుదావేశం వల్ల ఒకచోట నిలవక ఎగిరి మరోచోట వాలతాయి. కొత్తగా ఉతికిన రక్షణ దుస్తుల్లో కూడా ఇరుక్కుని వచ్చేవి. 1986లో అక్కడి అణు నియంత్రణ సంఘం ఈ రేణువుల గురించి కేంద్రాలన్నిటినీ హెచ్చరించాల్సి వచ్చింది.

ఛాతీ మీది బ్యాడ్జీకి ఇవెందుకు దొరకవో చెప్పాలంటే కొంచెం లెక్క కావాలి. కోబాల్ట్-60 నుంచి రెండు రకాల కిరణాలు వస్తాయి. బీటా కణాలు శరీరంలోకి ఒక మిల్లీమీటరు కూడా వెళ్లలేవు. కానీ చర్మంలో పుట్టుకొచ్చే కణాల పొర ఉన్నది ఉపరితలానికి 0.07 మిల్లీమీటర్ల లోతులోనే. రేణువు ఆనుకుని ఉంటే చర్మం వైపు వచ్చే బీటా శక్తి దాదాపు మొత్తం ఆ చిన్న చోటే దిగిపోతుంది. ఇక గామా కిరణాలు దూరం పోతాయి, కానీ దూరంతో పాటు పలుచబడతాయి. సెంటీమీటరు దూరంలో ఉన్న తీవ్రతలో యాభై సెంటీమీటర్ల దగ్గర మిగిలేది 2500వ వంతు. వెనక జేబుకీ ఛాతీకీ మధ్య దూరం అంతే. కింద చర్మం మాడిపోతున్నా పైన బ్యాడ్జీ దాదాపు ప్రశాంతంగా ఉంటుంది. దీనికి తిరగబడ్డ ప్రమాదం కూడా ఉంది. రేణువు నేరుగా బ్యాడ్జీ మీదే అంటుకుంటే మనిషికి తగలని మోతాదు మనిషి ఖాతాలో పడుతుంది. బ్యాడ్జీ అంకెను కళ్లు మూసుకుని నమ్మితే రెండు వైపులా అన్యాయమే.

అప్పుడు రికార్డు ఎలా రాయాలి? రేణువు చుట్టూ దర్యాప్తు చేసి రాయాలి. కార్మికుడు చివరిసారి మీటరు ముందు నిలబడి శుభ్రంగా తేలింది ఎన్నింటికి? రేణువు దొరికింది ఎన్నింటికి? ఈ రెండింటి మధ్య కాలమంతా అది ఒంటి మీదే ఉందనుకుని లెక్కించాలి. దొరికింది చర్మం మీదా, తొడుగు మీదా, చొక్కా మీదా? మధ్యలో గుడ్డ మందం ఎంత? రేణువును టేపుతో తీసి పారేయకుండా దాచాలి. అందులో ఉన్నది ఏ మూలకమో, ఎంత చురుకైనదో ప్రయోగశాలలో తేల్చాలి. ఈ సమాచారమంతా పెడితే వార్‌స్కిన్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రామ్ చర్మం మోతాదు లెక్కగట్టి ఇస్తుంది. టేపు చెత్తబుట్టలోకి పోయినా, గడియారం చూడటం మరిచినా ప్రోగ్రామ్ చేయగలిగింది ఏమీ లేదు.

ఇంత చేశాక కూడా ఒక తగువు మిగిలింది. చర్మానికి ఏడాదికి పరిమితి 500 మిల్లీసీవర్ట్‌లు. మన దేశంలోనూ రేడియేషన్ కార్మికులకు ఇదే పరిమితి. కానీ గుండుసూది మొనకన్నా చిన్న రేణువు ఇచ్చిన మోతాదును ఎంత చర్మానికి పంచి చెప్పాలి? అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ ఒక చదరపు సెంటీమీటరుకు పంచమంటుంది. అమెరికా 2002లో నిబంధన మార్చి పది చదరపు సెంటీమీటర్లకు పంచింది. అదే రేణువు, అదే మనిషి, అదే గాయం. ఒక పద్ధతిలో పరిమితి దాటినవాడు మరో పద్ధతిలో పదో వంతుతో బయటపడతాడు. రేణువు వల్ల వచ్చేది మహా అయితే చిన్న పుండు, దానికోసం కార్మికులను పదే పదే ఆపి తనిఖీ చేస్తే ఆ ఆలస్యంలో ఒంటికంతటికీ మోతాదు పెరుగుతుంది అన్నది అక్కడి వాదన. అందులో నిజం ఉంది. దానికి ముందు 1990లో వాళ్లు మరో కొలత పట్టుకున్నారు. రేణువు ఒంటి మీద ఉన్నంతసేపూ వెలువరించిన బీటా కణాల మొత్తం వెయ్యి కోట్లు దాటకూడదన్నారు. 75 మైక్రోక్యూరీ గంటలంటే అదే. నాకు ఆ కొలత నచ్చుతుంది. ఎంత చురుకైన రేణువు, ఎంతసేపు అన్న రెండు నిజాలనూ అది ఏ సరాసరి చాటునా దాచదు. ఏ పద్ధతి పట్టినా, ఎంత విస్తీర్ణానికి పంచారో రికార్డులో రాసి తీరాలి. అది రాయని అంకెను చదివిన కార్మికుడికి తన చేతికి ఏమైందో తెలియదు.

ఇప్పుడు మన సైబరాబాద్‌కు వద్దాం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచిననాడు ఇక్కడ రాళ్లగుట్టలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఇవాళ మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాటి ఆర్థిక జిల్లా వరకు లక్షల మంది మెడలో బ్యాడ్జీ వేలాడుతుంది. గేటు దగ్గర అది ఎవరు ఎన్నింటికి లోపలికొచ్చారో, ఎన్నింటికి వెళ్లారో క్షణం తేడా లేకుండా రాస్తుంది. అదే కారిడార్‌లో ఆ టవర్ల పక్కనే పెద్దాసుపత్రులు వెలిశాయి. వాటిలో పెట్ స్కాన్లు, న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు ఉన్నాయి. అక్కడ పనిచేసే యువతీయువకుల ఛాతీ మీద మరో బ్యాడ్జీ ఉంటుంది. టీఎల్‌డీ అంటారు. లోపల డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్లలు మూడు. ఒకదానికి లోహపు తెర, ఒకదానికి ప్లాస్టిక్ తెర, మూడోదానికి ఏ తెరా లేదు. రేడియేషన్ తగిలినప్పుడు బిళ్ల ఆ శక్తిని దాచుకుంటుంది. తర్వాత ప్రయోగశాలలో వేడిచేస్తే వెలుగుగా వదిలేస్తుంది. ఆ వెలుగే మోతాదు. సాధారణంగా మూడు నెలలకోసారి చదువుతారు. ఏ రోజున, ఏ గంటకు తగిలిందో ఆ బిళ్ల చెప్పదు. కాలం గురించి ఆఫీసు గేటు దగ్గరి బ్యాడ్జీకి తెలిసినంత కూడా దానికి తెలియదు.

పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18 మందును తెల్లవారకముందే తయారుచేసి పంపుతారు. టెక్నాలజిస్టు సీసపు అడ్డం వెనక నిలబడి సీసా నుంచి సిరంజీలోకి తీస్తారు. ఒక రోగికి సుమారు 370 మెగాబెకరెల్స్ రేడియోధార్మికత ఉన్న మందు ఎక్కిస్తారనుకుందాం. అందులో 370వ వంతు, అంటే కంటికి ఆననంత తుంపర, తొడుగు చిరుగులోంచి ఒక చదరపు సెంటీమీటరు చర్మం మీద పడిందనుకుందాం. అరగంట గమనించకపోతే ఏడాది మొత్తానికి చర్మానికి ఉన్న పరిమితి అక్కడ దాటిపోతుంది. ఛాతీ మీది బ్యాడ్జీలో దాని జాడ దాదాపు ఉండదు. పైగా ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమవుతుంది. ఉదయం ఎనిమిదికి పడినదాంట్లో సాయంత్రం ఆరుకు నలభయ్యో వంతు కూడా ఉండదు, మర్నాటికి ఏమీ ఉండదు. మాయాపురిలో ఆధారం కనీసం ముక్కల రూపంలో మిగిలింది. ఇక్కడ సాక్ష్యం కళ్లముందే కరిగిపోతుంది. అప్పటికప్పుడు రాస్తేనే రాసినట్టు.

వేలికి పెట్టుకునే ఉంగరపు డోసిమీటర్ ఇందుకే. అదీ మొత్తం చెప్పదు. యూరప్‌లో 2008 నుంచి 2011 వరకు న్యూక్లియర్ మెడిసిన్ సిబ్బంది చేతుల మీద పెద్ద పరిశోధన జరిగింది. ఓరామెడ్ దాని పేరు. కుడిచేతి వాటం వాళ్లు ఉంగరాన్ని ఎడమచేతి చూపుడువేలి మొదట్లో, అరచేతి వైపు తిరిగేలా పెట్టుకోవాలనీ, అందులో వచ్చిన అంకెను ఆరుతో గుణిస్తే చేతి మీద ఎక్కువ మోతాదు తగిలిన చోటు లెక్కకు దగ్గరవుతుందనీ ఆ పరిశోధన తేల్చింది. సిరంజీని పట్టుకునేది వేలికొస, ఉంగరం ఉండేది వేలిమొదలు. రెండంగుళాల దూరంలో ఆరు రెట్ల తేడా.

ఈ నగరానికి ఈ విద్య కొత్త కాదు, అందుకే అడిగే హక్కు మనకు ఎక్కువ. నగరం తూర్పు కొసన 1967లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, ట్రాంబేలో అణుశాస్త్రవేత్త భాభా వెంట పనిచేసి, రేడియేషన్‌ను కొలిచే ఎలక్ట్రానిక్స్ ఈ దేశంలోనే తయారవ్వాలని పట్టుబట్టినవారు. పక్కనే మౌలాలిలో న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ మన రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారుచేస్తుంది. ఏఎస్ రావు నగర్ మీదుగా రోజూ వేల మంది హైటెక్ సిటీకి ఉద్యోగాలకు వస్తారు. మీటరు తయారుచేయడం తెలిసిన ఊరు ఇది. మీటరు చూపిన అంకెను మనిషి పేరున రాసిపెట్టడంలో వెనకబడకూడదు.

కోబాల్ట్ ఒకసారి తుక్కులో కలిస్తే ఎంత దూరం వెళ్తుందో 2008లో ఫ్రాన్స్ చూసింది. లిఫ్టు బటన్లు తయారుచేసే ఒక కర్మాగారంలో భారతదేశం నుంచి వచ్చిన ఉక్కు భాగాల్లో కోబాల్ట్-60 బయటపడింది. ఆ భాగాలను చేత్తో బిగించిన 20 మంది కార్మికులకు ఒకటి నుంచి మూడు మిల్లీసీవర్ట్‌ల మోతాదు తగిలిందని అక్కడి అణుభద్రతా సంస్థ లెక్కగట్టి ప్రకటించింది. వాళ్లూ రేడియేషన్ కార్మికులు కారు, వాళ్లకూ బ్యాడ్జీలు లేవు. అయినా ఎవరెవరికి ఎంత తగిలిందో వెతికి లెక్క తేల్చారు. ఏదో ఒక దేశంలో కొలిమిలో పడిన ఒక మూలకం ఇంకెక్కడో లిఫ్టులో వేలికింద తేలింది. మన టవర్లలో రోజూ లక్షసార్లు నొక్కే బటన్ల వెనక కూడా కార్మికుల చేతులే ఉంటాయి.

మాయాపురిలో చనిపోయిన కార్మికుడికి తన పేరున ఉన్న రికార్డు అడిగి చూసుకునే అవకాశం లేకపోయింది. మీకు ఉంది. న్యూక్లియర్ మెడిసిన్‌లోనో, క్యాథ్‌ల్యాబ్‌లోనో, పారిశ్రామిక రేడియోగ్రఫీలోనో పనిచేస్తున్నట్టయితే మీ బ్యాడ్జీ అంకెలు అడిగి తీసుకోండి, ఉంగరం ఇవ్వకపోతే ఇవ్వమనండి. చేతి మీద చుక్క పడితే కడుక్కునే ముందు గడియారం చూడండి, కొలత తీయండి, కాగితం మీద పెట్టించండి. తుక్కు కొనేవాళ్లు, భవనాలు పడగొట్టేవాళ్లు మూడు రెక్కల గుర్తు ఉన్న బరువైన డబ్బా కనిపిస్తే కోయకండి, దూరంగా జరిగి పోలీసులకు చెప్పండి, వాళ్లు ఏఈఆర్‌బీకి చేరుస్తారు. యాజమాన్యాలకు ఒక్క మాట. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణం ప్రకారం కార్మికుడి మోతాదు రికార్డు అతనికి 75 ఏళ్లు వచ్చే వరకూ, ఉద్యోగం మానేశాక కనీసం 30 ఏళ్ల పాటూ భద్రంగా ఉండాలి, అతను అడిగితే చూపించాలి.